తోటి ఖైదీకి లాఠీ ఇచ్చిందెవరు?

ఎక్కడో ఘోరం జరుగుతుంది. పసిపిల్ల మీదో, ఆడకూతురి మీదో. నిందితుణ్ణి పట్టుకుని రిమాండుకు పంపుతారు. ఆ సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర, టీవీ చర్చల్లో, సెల్‌ఫోన్లలో ఒకటే మాట తిరుగుతుంది: ‘లోపల తోటి ఖైదీలు వాడి సంగతి చూసుకుంటార్లే.’ ఆ మాట అనేవాళ్ల గొంతులో తృప్తి ఉంటుంది. చదువుకున్నవాళ్లూ అంటారు, చదువు లేనివాళ్లూ అంటారు. చట్టం చదివిన వకీళ్లు సైతం కోర్టు వరండాలో ఇదే మాట అని నవ్వుకోవడం విన్నాను.

ఈ మాట వెనక ఒక వాదం ఉంది. దాన్ని పలచన చేసి కొట్టిపారేస్తే ఖండన అనిపించుకోదు, కాబట్టి దాని బలమంతా ఉంచే చెబుతాను. మన కోర్టులు ఆలస్యం. నిర్భయ కేసులో ఉరి అమలయ్యేసరికి ఏడేళ్లు దాటింది. జైల్లో వేళకు తిండి, నెత్తిన నీడ, జబ్బు చేస్తే మందు, అంతా మన పన్నుల డబ్బే. బాధితురాలి తల్లి మాత్రం వాయిదాల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఈ లోటు ఎక్కడో ఒకచోట పూడాలి కదా! దొంగలకైనా ఒక నీతి ఉంటుంది. పసిపిల్లను చెరిచినవాణ్ణి హంతకుడు కూడా సహించడు. చట్టం వేయలేని శిక్ష వాడు వేస్తాడు. ఇక మామూలు ఖైదీల మధ్య దాదాగిరి అంటారా, నేరగాళ్లందర్నీ ఒక్క గదిలో కుక్కితే కండ ఉన్నవాడిదే రాజ్యం, అది సహజం. ఆ భయం బయటికి పాకితే నలుగురూ నేరానికి జంకుతారు కూడా. ఆ బాధ వద్దనుకుంటే నేరం చేయకుండా ఉండాల్సింది.

ఇందులో కోపం నిజం, ఆలస్యం నిజం. మిగతాదేదీ నిలవదు.

1. దెబ్బ ఎవరికి పడుతోంది?

వాదమంతా ఒక బొమ్మ మీద నిలబడి ఉంది: లోపల ఉన్నవాడు నేరస్థుడు, అందులోనూ ఘోరమైన నేరస్థుడు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చూడండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నది 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి డెబ్బై అయిదుగురికి పైగా నేరం రుజువు కానివాళ్లు. ఖైదీల్లో సుమారు మూడింట రెండు వంతులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవాళ్లు. నాలుగో వంతుకు అక్షరం ముక్క రాదు. బెయిలు వచ్చినా జామీనుదారు దొరక్క లోపలే ఉండిపోయినవాళ్లు వీళ్లలో ఎందరో.

ఇప్పుడు బ్యారక్‌లోకి రండి. సాయంత్రం లాకప్ అయ్యాక మళ్లీ తెల్లవారాకే తలుపు తీసేది. కొత్తగా వచ్చినవాడు చేతిలో కంబళి, పళ్లెం పట్టుకుని నిలబడతాడు. పడుకునే జాగా ఎక్కడో వాడికి చెప్పేది జైలరు కాదు, బ్యారక్‌లో పెత్తనం చేసేవాడు. ఫ్యాను కిందా, గోడ వారా ఒకరికి. మరుగుదొడ్డి గుమ్మం దగ్గర, రాత్రంతా తడికాళ్లు దాటుకుంటూ పోయేచోట ఇంకొకరికి. ఎవరికి ఏది అన్నది వాడిమీద ఉన్న సెక్షన్‌ను బట్టి తేలుతుందనుకుంటే పొరబాటు. బయట నీకెవరున్నారు, ములాఖత్‌కు ఎవరొస్తారు, ఖాతాలో డబ్బు పడుతుందా, నీ వెనక ముఠా ఉందా, నీది ఏ కులం: ఇవీ ప్రశ్నలు. వీటికి జవాబు లేనివాడు పళ్లేలు కడుగుతాడు, బట్టలు ఉతుకుతాడు, రాత్రిళ్లు కాళ్లు పిసుకుతాడు.

ఉచిత న్యాయ సహాయం పనిమీద జైలుకు వెళ్లే ఒక వకీలు మిత్రుడు చెప్పిన సంగతి ఇది. సెల్‌ఫోను దొంగతనం కేసులో లోపలికెళ్లిన ఒక కూలీ కుర్రాడు. వకాల్తా కాగితం మీద వేలిముద్ర వేసి, బెయిలు సంగతి అడక్కుండా ఇంకేదో అడిగాడట: ‘సార్, మా ఆడమనిషిని డబ్బులు పంపొద్దని చెప్పండి సార్.’ ఎందుకయ్యా అంటే మొదట నోరు మెదపలేదు. రెండోసారి అడిగితే బయటపడింది. ఆమె పాచిపని చేసి పంపుతున్న డబ్బుతో క్యాంటీన్లో కొన్న బిస్కెట్లూ, సబ్బులూ, కొబ్బరినూనె సీసాతో సహా వాడికి చేరడం లేదు. ఖాతాలో డబ్బు పడ్డరోజే ఏమేం కొనాలో ఇంకొకడు చెబుతాడు. డబ్బు రాకపోతే రెండు తన్ని వదిలేస్తారు; వస్తే నెలనెలా రావాల్సిందే. అందుకని అసలు రాకపోవడమే మేలని వాడి లెక్క. ఆ ఇంకొకడి మీద రౌడీషీటు ఉంది.

టీకొట్టు దగ్గర మనం చప్పట్లు కొడుతున్నది ఎవరికో ఇప్పుడు చెప్పండి. ఘోరమైన నేరగాణ్ణి శిక్షిస్తున్న చేతికి కాదు. పాచిపని డబ్బు లాక్కుంటున్న రౌడీషీటరుకు.

2. శిక్ష ఎవరు రాశారు?

భారతీయ న్యాయ సంహిత నాలుగో సెక్షన్‌లో శిక్షలు ఏమేమిటో రాసి ఉంది. మరణశిక్ష, యావజ్జీవం, కఠిన లేదా సాధారణ కారాగారం, ఆస్తి జప్తు, జరిమానా, కొత్తగా చేర్చిన సమాజ సేవ. ఆ జాబితాలో ‘బ్యారక్‌లో పెద్దరికం చేసేవాడి చేతిలో తన్నులు’ అన్నది లేదు. జడ్జి మూడేళ్లు వేశాడంటే మూడేళ్ల స్వేచ్ఛ పోయిందని అర్థం. దాని మీద ఒక్క దెబ్బ ఎక్కువ పడినా అది చట్టం వేసింది కాదు, చట్టాన్ని దాటి పడింది. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ముందు ఇలాంటి కేసే వచ్చినప్పుడు, తోటి ఖైదీల చేతిలో దాడికి గురికావడం శిక్షలో భాగం కాదనీ, ప్రమాదం తెలిసీ కళ్లు మూసుకున్న జైలు అధికారి జవాబు చెప్పుకోవాల్సిందేననీ తేల్చింది. ఖైదీల మీద జాలిలేని దేశంగా పేరుపడ్డచోటే ఇంత స్పష్టంగా చెప్పారు.

మన దగ్గర చట్టంలో ఇంకో లొసుగు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పాత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది. పెద్దవాళ్ల పరస్పర సమ్మతి విషయంలో 2018లో సుప్రీంకోర్టు దాన్ని సరిగానే పక్కనపెట్టింది; బలవంతం జరిగినచోట మాత్రం ఆ సెక్షన్ నిలిచే ఉంది. 2024 జులై 1న కొత్త సంహిత అమల్లోకి వచ్చేసరికి అది మొత్తంగా మాయమైంది. కొత్త అత్యాచార నిర్వచనంలో బాధితురాలు స్త్రీ మాత్రమే. అలాంటి సెక్షన్ ఒకటి ఉంచాలని పార్లమెంటు స్థాయీ సంఘం ముందే చెప్పినా వినలేదు. ఫలితం? ఒక మగ ఖైదీని బ్యారక్‌లో నలుగురు పట్టుకుని చెరిస్తే, ఆ నేరానికి దాని పేరుతో ఒక సెక్షన్ లేదు. కొట్టారనో, గాయపరిచారనో, నిర్బంధించారనో రాసుకోవాలి.

జైలంటేనే అలా ఉంటుందని నవ్వేవాళ్లు తరచు నవ్వేది ఈ నేరం గురించే. మన సినిమాల్లో కమెడియన్ జైలుకెళ్లే సీనంటే చాలు, కండలు తిరిగిన ఖైదీ ఒకడు మీసం దువ్వుతూ వాడి పక్కకు జరుగుతాడు, హాలంతా గొల్లుమంటుంది. ఆడమనిషికి జరిగితే కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డెక్కే మనం, మగవాడికి జరిగితే ఈలలు వేస్తున్నాం.

3. దొంగల నీతి

‘ఖైదీలకూ ఒక నీతి ఉంటుంది, వాళ్లు తప్పుచేసినవాణ్ణే కొడతారు’ అన్నది ఈ వాదానికి ప్రాణం. లైంగిక నేరం కేసులో వచ్చినవాణ్ణి కొన్నిచోట్ల కొడతారన్నది నిజమే, కాదనను. కానీ అది నీతి వల్ల అనుకోవడం అమాయకత్వం. కొట్టినా ఎవరూ అడగరు, వార్డరు సైతం మొహం తిప్పుకుంటాడు, బయట జనం మెచ్చుకుంటారు: ఇంతకంటే చవకగా దొరికే శరీరం ఇంకోటి లేదు. అదే నేరంలో డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు వస్తే ఏమవుతుందో మనకు తెలీదా? వాడికి వెంటనే ఛాతీలో నొప్పి వస్తుంది. జైలు ఆస్పత్రి, అక్కణ్ణుంచి పెద్దాస్పత్రి, అక్కడ ఏసీ గది. ఆ గదిలోకి ఈ నీతి ఎప్పుడూ వెళ్లదు.

తప్పు చేసిందెవరో బ్యారక్ ఎలా తేలుస్తుంది? పేపర్లో వచ్చిన ఫొటో చూసి, పోలీసుల ప్రెస్‌మీట్ విని. మరి పోలీసులదే తప్పయితే? 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థినిని చెరిచి చంపారు. తర్వాతి ఏడాది ఒక పేద యువకుణ్ణి పట్టుకుని వీడే అన్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. ఎనిమిదేళ్లకు పైగా అతను లోపలే ఉన్నాడు. ‘తోటి ఖైదీలే చూసుకుంటార్లే’ అని రాష్ట్రమంతా అనుకున్న రోజుల్లో ఆ తీర్పు అమలు చేసుంటే, చేసిన చేతులకు దక్కేది ఏ న్యాయం? కోర్టు తప్పు చేస్తే పైకోర్టు ఉంది. బ్యారక్ వేసిన శిక్షకు అప్పీలు లేదు.

ఈ వీధి న్యాయం బాధితులకైనా ఉపయోగపడుతుందా? నిర్భయ కేసులో ప్రధాన నిందితుడు 2013 మార్చి 11న తీహార్ జైల్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఉరేసుకున్నాడని అధికారులన్నారు, చంపేశారని కుటుంబం అంది. ఏది నిజమైనా, విచారణ సగంలో ఉండగా అతని మీద కేసు అక్కడితో ముగిసిపోయింది. అతను దోషి అని చెప్పే తీర్పు ఏ కోర్టులోనూ రాలేదు, ఇక రాదు. బాధితుల పక్షాన మాట్లాడుతున్నామనేవాళ్లు కోరుకున్నది ఇదేనా?

4. ‘అది సహజం’

సహజమన్న మాట కొత్తదేమీ కాదు. ఒకప్పుడు కాలేజీ హాస్టళ్లలో సీనియర్లు జూనియర్ల చేత బట్టలు విప్పించి పరుగులు పెట్టించేవాళ్లు. అప్పుడూ ఇదే అనేవాళ్లం: నలుగురు కుర్రాళ్లు ఒకచోట చేరితే మామూలే, కొత్తవాళ్లకు జంకు పోతుంది, వాళ్లే తర్వాత సీనియర్లవుతారు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగ్‌ను నేరం చేసింది. దానితో కుర్రాళ్ల స్వభావమేమీ మారిపోలేదు. మారింది ప్రిన్సిపాల్ బాధ్యత. ఫిర్యాదు వచ్చినా కదలకపోతే తన మీదకే వస్తుందని తెలిశాక, హాస్టల్ వరండాల్లో రాత్రిపూట లైట్లు వెలగడం మొదలైంది. ర్యాగింగ్ పూర్తిగా పోలేదు గానీ ‘సహజం’ అనే మాట మాత్రం పోయింది. జైలు విషయంలో ఆ మాట ఇంకా బతికే ఉంది. ఎందుకంటే హాస్టల్లో ఉన్నది మన పిల్లలు.

జైల్లో పెత్తనం దానంతట అది మొలవదు. దాన్ని నాటి, నీళ్లు పోసి పెంచుతారు. 2022లో దేశం మొత్తం మీద జైళ్లలో వంద మంది పట్టేచోట 131 మంది ఉన్నారు. ఇది సగటు, రాష్ట్రానికీ రాష్ట్రానికీ, జైలుకీ జైలుకీ తేడా ఉంటుంది. మంజూరైన సిబ్బంది పోస్టుల్లో సుమారు 30 శాతం ఖాళీ. రాత్రిపూట వందమంది ఉన్న బ్యారక్‌కు బయట ఊచల దగ్గర ఒక వార్డరు ఉంటే గొప్ప. లోపల క్రమశిక్షణ ఎవరు చూస్తారు? ఖైదీయే చూస్తాడు. 1894 నాటి కారాగారాల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, జైలు అధికారులుగా నియమించిన ఖైదీలను ప్రభుత్వోద్యోగులుగానే భావించాలి. తెల్లవాడికి అది చవక ఏర్పాటు. జీతం లేని కాపలాదారు, భాష తెలిసినవాడు, కొట్టడానికి వెనకాడనివాడు. వాడికి కావలసిందల్లా కొంచెం మంచి పడక, తిండిలో రెండు ముక్కలు ఎక్కువ, తోటివాళ్ల మీద అధికారం. ఇలా అధికారికంగా నియమితుడయ్యేవాడు ఒకడైతే, నియామకపత్రం లేకుండానే అదే పని చేసేవాళ్లు పదిమంది. వార్డరుకు రాత్రి గొడవ లేకపోతే చాలు. గొడవ లేకుండా ఎలా చేశావని వాణ్ణి అడగడు.

ఈ ఏర్పాటు ఎంతదూరం పోతుందో చూడాలంటే అమెరికాలోని టెక్సస్‌కు వెళ్లాలి. అక్కడ ‘బిల్డింగ్ టెండర్లు’ అనే ఖైదీలకు సెల్ బ్లాకులు అప్పగించేశారు. తాళాలు, జాబితాలు, కర్రలు వాళ్ల చేతుల్లోనే. డేవిడ్ రూయిజ్ అనే ఖైదీ 1972లో వేసిన దావాను విచారించిన ఫెడరల్ జడ్జి విలియం వేన్ జస్టిస్, 1980 డిసెంబరులో ఆ పద్ధతిని ఎండగట్టి తీసేయమన్నాడు.

ఆ తర్వాత జరిగిందాన్ని ‘సహజం’ పక్షంవాళ్లు ఆయుధంగా వాడతారు, వాడనివ్వండి. టెండర్లను తీసేశాక 1984, 85 రెండేళ్లలో ఆ రాష్ట్ర జైళ్లలో 52 మంది ఖైదీలు తోటి ఖైదీల చేతిలో చచ్చిపోయారు. ‘చూశారా, పెత్తందారు ఉన్నప్పుడే శాంతి ఉండేది’ అంటారు. నిజానికి అక్కడ కనిపించేది దీనికి పూర్తిగా తలకిందులు. పెత్తందార్లను తీసేశారు గానీ వాళ్ల స్థానంలో ఉండాల్సిన కాపలా సిబ్బందిని సరిపడా వేయలేదు. దశాబ్దాల తరబడి ప్రభుత్వం చేయాల్సిన పనిని గూండాలకు అప్పజెప్పి, ఒక్కరోజున గూండాలను తీసేస్తే ఆ ఖాళీలోకి ముఠాలు దిగాయి. ఖాళీ ఎవరిది? ప్రభుత్వానిది. ముందు శాంతి ఉండేదన్నదీ అబద్ధమే. కొట్టడం అధికారికంగా జరిగేది గనక లెక్కల్లోకి రాలేదు, అంతే.

మన తీహార్‌లో 2023 మే 2న టిల్లూ తాజ్‌పురియా అనే గ్యాంగ్‌స్టర్‌ను ప్రత్యర్థి ముఠావాళ్లు చంపారు. ఇనుప గ్రిల్ కోసి, దుప్పట్లు కట్టుకుని పై అంతస్తు నుంచి దిగి, లోపల తయారుచేసిన కత్తులతో పొడిచారు. అంతా కెమెరాలో ఉంది. కాపలా పోలీసుల ముందే మళ్లీ పొడవడం కూడా ఉంది. 2008 నవంబరులో మన అనంతపురం జైల్లో మొద్దు శ్రీను అనే ఖైదీని తోటి ఖైదీ తలమీద డంబెల్‌తో కొట్టి చంపాడు. గ్రిల్ కోయడానికి రోజులు పడుతుంది. డంబెల్ బ్యారక్‌లోకి నడిచి రాదు. వీటిలో ‘సహజం’ ఎక్కడుంది? ఎవరో చూడలేదు, చూసినా మాట్లాడలేదు, మాట్లాడకుండా ఉండడానికి ఎవరికో కారణం ఉంది.

సంగారెడ్డిలో పాత జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలు కడితే ఒకరోజు ఖైదీగా ఉండొచ్చన్నారు. ఖైదీ బట్టలు, ఖైదీ తిండి, ఖైదీ సెల్, అన్నీ ఇచ్చారు. జనం ఫొటోలు దిగారు. ఆ జైల్లో లేనిదల్లా ఒక్కటే, పక్క చాపమీద పడుకునే మనిషి. అసలు జైలును జైలు చేసేది వాడే.

5. ‘అంత బాధగా ఉంటే చెప్పొచ్చుగా!’

ఎవరికి చెప్పాలి? తీహార్‌లో మరణశిక్ష పడ్డ సునీల్ బత్రా, ఇంకో ఖైదీని డబ్బు కోసం ఒక వార్డరు ఎంత కిరాతకంగా హింసించాడో సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. 1979 చివర్లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని తీర్పు ఇచ్చారు. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలి, అవి జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి అదుపులో ఉండాలి, జడ్జీలు స్వయంగా జైళ్లకు వెళ్లి ఖైదీల మొర వినాలి అన్నారు. నాలుగున్నర దశాబ్దాలైంది. ఇప్పుడు ఆ పెట్టెను ఖైదీ కళ్లతో చూడండి. అక్షరం రానివాడు ఫిర్యాదు ఎవరిచేత రాయించాలి? బ్యారక్‌లో చదువొచ్చినవాళ్లు ఒకరిద్దరుంటే వాళ్లు పెత్తందారు మనుషులే. పెట్టె ఉన్నది అందరూ చూసేచోట. జడ్జిగారు వచ్చినరోజు వరసలో నిలబెట్టి ‘ఏమైనా ఇబ్బందులున్నాయా’ అని అడిగితే, పక్కన జైలరు, వెనక పెత్తందారు. ఏమీ లేవు సార్, అంతా బాగుంది సార్.

చెప్పినవాడికి దక్కేదేమిటి? రక్షణ పేరుతో వాణ్ణే తీసుకెళ్లి విడి సెల్లో పెడతారు. మిగతావాళ్లతో పాటు ఆటల్లేవు, పనిలేదు, కూలిడబ్బు లేదు. కొట్టినవాడు మాత్రం బ్యారక్‌లోనే ఉంటాడు. కొన్నాళ్లకు విడి సెల్లోంచి బయటికి తెస్తారు. అప్పటికి వాడి పేరు మారిపోయి ఉంటుంది, ఇన్‌ఫార్మర్ అని.

లెక్కల్లో ఇది ఎక్కడ కనిపిస్తుంది? 2022లో జైళ్లలో అసహజ మరణాలు 159 నమోదయ్యాయి. తోటి ఖైదీల చేతిలో హత్యలు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. ‘అదిగో, ఇంత గోల చేస్తారుగానీ చచ్చింది ఎందరు’ అనేవాళ్లు ఈ అంకెనే ఎత్తి చూపిస్తారు. ఆ 159లో 119 ఆత్మహత్యలన్న సంగతి మాత్రం వదిలేస్తారు. వాటిలో ఎన్నింటి వెనక రాత్రి బ్యారక్ ఉందో చెప్పే గడి ఆ పట్టికలో లేదు. ఎలా చచ్చిపోయాడని మాత్రమే రిజిస్టరు అడుగుతుంది. ముందురోజు రాత్రి ఏం జరిగిందని అడగదు. అడగని ప్రశ్నకు జవాబు లేదు గనక సమస్యే లేదనడం తర్కం కాదు, తప్పించుకోవడం.

6. భయపడితే బాగుపడతారా?

బయటివాళ్లు భయపడతారన్నదాన్ని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. దొంగతనానికి గోడ దూకేవాడు పట్టుబడనన్న నమ్మకంతో దూకుతాడు, బ్యారక్‌లో పడక గురించి ఆలోచించి కాదు.

లోపలివాళ్ల మీద దాని ప్రభావం మాత్రం ఆలోచించదగ్గది. జైళ్లలో వేధింపుల మీద ఏళ్లతరబడి పనిచేసిన బ్రిటిష్ మనస్తత్వవేత్త జేన్ ఐర్లండ్, ఖైదీలను వేధించేవాళ్లు, వేధింపుకు గురయ్యేవాళ్లు అని రెండు ముక్కలు చేయలేదు. రెండూ అయినవాళ్ల కోసం విడిగా ఒక వర్గం పెట్టాల్సి వచ్చింది. తన్నులు తిన్నవాడు తన్నడం నేర్చుకుంటాడు. పైవాడి కాళ్లు పిసికినవాడు కొత్తగా వచ్చినవాడిచేత పిసికించుకుంటాడు. ఇంకొందరు ఏదో ఒక ముఠాలో చేరిపోతారు, ఎందుకంటే లోపల రక్షణ అమ్మేది ముఠా ఒక్కటే. ఆ రక్షణకు ధర బయటికొచ్చాక కట్టాలి. సెల్‌ఫోను దొంగగా లోపలికెళ్లినవాడు సుపారీ బ్యాచ్ కుర్రాడై బయటికొస్తే, వాణ్ణి తయారుచేసింది మనం ‘బుద్ధి చెబుతుంద’ని నమ్మిన బ్యారకే. రిమాండ్ ఖైదీల్లో చాలామంది నెలల్లో బయటికొచ్చేస్తారు. మన వీధికే వస్తారు.

7. జవాబు చెప్పాల్సిందెవరు?

ఖైదీల గొడవకు ప్రభుత్వం ఏం చేస్తుంది, వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు అంటారు. ఈ మాటకు జవాబు మన ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే ఉంది. 1977 మే నెలలో కోవెలకుంట్ల సబ్‌జైలు మీద రాత్రివేళ బయటివాళ్లు దాడిచేసి గదిలోకి బాంబులు విసిరారు. లోపల ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయాడు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయపడ్డాడు. ప్రాణభయం ఉంది, కాపలా పెంచండని ముందే అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. కుటుంబం పరిహారం అడిగితే సార్వభౌమాధికారం ఉంది గనక బాధ్యత లేదని ప్రభుత్వం వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఖైదీ అయినంత మాత్రాన జీవించే హక్కు పోదు, కాపాడే బాధ్యత ప్రభుత్వానిదే అని 1,44,000 రూపాయలు వడ్డీతో సహా కట్టించింది. బయటినుంచి వచ్చినవాడి బాంబుకే ప్రభుత్వం జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు, తన తాళంలో, తన కాపలాలో, తాను ఎంచి పక్కన పడుకోబెట్టినవాడి దెబ్బకు చెప్పదా? విశాఖ జైలు గోడమీద కరెంటు తీగల గురించి భువన్ మోహన్ పట్నాయక్ వేసిన కేసులో 1974లోనే, శిక్షపడ్డవాడికి ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవని ఇదే కోర్టు చెప్పింది. అంటే ఇది చర్చకు పెట్టాల్సిన విషయం కాదు, యాభై ఏళ్ల కిందటే తేలిపోయిన విషయం. పన్నుల డబ్బు గురించి బాధపడేవాళ్లు ఆ పరిహారం ఏ డబ్బులోంచి వచ్చిందో కూడా కాస్త చూడాలి.

నా మాట సూటిగా చెబుతున్నాను. బ్యారక్‌లో దాదాగిరి ఖైదీల స్వభావం కాదు, జైలు పాలన. దాన్ని అలాగే అడగాలి. లోపల జనం తగ్గాలి: మొదటిసారి కేసులో ఇరుక్కుని, పడగల శిక్షలో మూడో వంతు ఇప్పటికే అనుభవించిన విచారణ ఖైదీని విడిచిపెట్టమని భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది, ఆ జాబితా తయారుచేసి కోర్టుకు పంపాల్సింది జైలు సూపరింటెండెంటే. ఖాళీ పోస్టులు నింపాలి, రాత్రి డ్యూటీకి ముందుగా. పడక ఎవరిదెక్కడో రాసి గోడకు అంటించాలి, దాన్ని మార్చే అధికారం ఏ ఖైదీకీ ఉండకూడదు. కులాన్ని బట్టి పాకీపని, వంటపని పంచే నిబంధనలను 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టేసింది. పంచడం నిజంగా ఆగిందో లేదో చూడాలంటే రిజిస్టర్లో కులం గడి కొట్టేస్తే చాలదు, మరుగుదొడ్డి కడుగుతున్నదెవరో వెళ్లి చూడాలి. మగ ఖైదీ మీద జరిగే అత్యాచారానికి సెక్షన్ కావాలి. క్యాంటీన్ ఖాతాలో ఎవరి డబ్బు ఎవరి బిస్కెట్లయిందో నెలకోసారి తనిఖీ చేస్తే, పెత్తందారుల పేర్లు ఏ ఇన్‌ఫార్మరూ చెప్పకుండానే బయటపడతాయి. ఫిర్యాదు చేసినవాణ్ణి కదపకూడదు, కొట్టినవాణ్ణే కదపాలి. ఒక బ్యారక్‌లో ఖైదీ చనిపోతే, మొట్టమొదట వాంగ్మూలం ఇవ్వాల్సింది పక్క చాపవాడు కాదు, ఆ రాత్రి డ్యూటీ వార్డరూ, వాణ్ణి అక్కడ ఒక్కణ్ణే ఉంచిన అధికారీ.